సింహం తలను కాదు, దండిని చూడాలి
బొబ్బిలి వీణ మంచి చెడ్డలు తేలేది అక్కడే

బొబ్బిలి: వీణ కొనుక్కుందామని గొల్లపల్లి వచ్చేవారి కన్ను ముందుగా పడేది సింహం తల మీద. కోరలు తీర్చినట్టు ఉన్నాయా, కళ్లు చురుగ్గా ఉన్నాయా అని చూస్తారు. తరువాత కుండ మీది నగిషీని, అంచున తిప్పిన పూలతీగెను, రంగు మెరుపును చూస్తారు. నాలుగు తీగలు మీటి టింగుమన్న శబ్దం విని, బాగుందని బేరంలోకి దిగుతారు. కుండకూ సింహం తలకూ మధ్య రెండున్నర అడుగులకు పైగా సాగిన దండిని మాత్రం పట్టించుకునేవారు తక్కువ. అది కేవలం ఆ రెంటినీ కలిపే కర్ర అన్నట్టే చూస్తారు.

వీణ చెక్కేవారి లెక్క దీనికి తలకిందులు. సింహం ముఖం ఒకటి చెడితే మరొకటి చెక్కి అతికించవచ్చు. నగిషీ పోతే పోయేది అందమే. దండి వంగితే మాత్రం ఏ మెట్టు మీద నొక్కినా స్వరం తప్పుతుంది. నేర్చుకునే పిల్ల తప్పు తనదే అనుకుంటుంది, పాఠం చెప్పే పంతులమ్మ సాధన చాలలేదంటుంది. ఏడాది తిరిగేసరికి వీణకు గుడ్డ కప్పి మూల నిలబెడతారు. ఇలా ఎన్ని ఇళ్లలో జరిగిందో లెక్క తీసినవారు లేరు గాని, ఏ వీధిలో అడిగినా ఒకటి రెండు ఇళ్లు చూపిస్తారు.

మూడు వందల ఏళ్ల పని

బొబ్బిలిని ఆనుకుని ఉన్న గొల్లపల్లిలో వీణల పని సంస్థానం రోజులనాటిది. 17వ శతాబ్దంలో సంస్థాన ప్రభువులు దీనిని ప్రోత్సహించారని చెబుతారు. సర్వసిద్ధి ఇంటిపేరు గల కుటుంబాలవారు తరతరాలుగా ఈ పనిలో ఉన్నారు. ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న బొబ్బిలి 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. జిల్లా మారినా వీణకు ఊరి పేరు మారలేదు. అనంతర కాలంలో బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. మన రాష్ట్రంలో నూజివీడు వీణలకూ మంచి పేరుంది. తంజావూరు, మైసూరు సరేసరి. అయితే బొబ్బిలి వీణ అంటే మాత్రం ఒకే మానులో చెక్కిన ఏకాండి వీణే అందరికీ గుర్తుకు వస్తుంది.

ఈ ఏకాండి అన్న మాటలోనే దండి సంగతి సగం ఉంది. కుండను, దండిని వేరువేరుగా చేసి అతికించే వీణలో దండికి నచ్చిన కర్రను ఎంచుకోవచ్చు. ఒకటి కుదరకపోతే ఇంకొకటి తీసుకోవచ్చు. ఏకాండి వీణలో ఆ వీలు లేదు. కుండకు ఏ మానో దండికీ అదే మాను. కుండ చెక్కడం పూర్తయ్యాక దండిలో చీలిక కనబడితే పడిన శ్రమంతా చెత్తబుట్టకే. అందువల్ల దండిని ఎంచుకోవడం దుంగను ఎంచుకున్ననాడే జరిగిపోతుంది.

దుంగలోనే దండి

వీణకు పనస మానునే వాడతారు. తేలికగా ఉంటుంది, నాదం పలుకుతుంది, చెద త్వరగా పట్టదు, ఉలికి బాగా లొంగుతుంది. మృదంగం కట్టెకూ పనసే కావడం ఊరికే జరిగింది కాదు. లోపలి చేవ పచ్చగా ఉండి, గాలి తగిలేకొద్దీ ముదురు రంగుకు తిరుగుతుంది. వెలుపల ఉండే తెల్లచెక్కకు పురుగు పడుతుంది కాబట్టి దానిని తీసివేయాలి. మాను నడిమధ్య ఉండే బెండునూ వదిలేయాలి. ఎండేటప్పుడు చీలికలు బయలుదేరేది అక్కడి నుంచే. కాబట్టి దుంగను నిలువుగా రెండుగా కోసి, ఒక్కొక్క బద్దలో ఒక్కొక్క వీణను చూసుకోవాలి. కుండ వెడల్పు అడుగుకు మించుతుంది. అంత చేవ ఒక్క బద్దలో దొరకాలంటే చెట్టు ఎంత లావుగా, ఎంత పాతదై ఉండాలో ఊహించుకోవచ్చు.

ఇక్కడే చూసేవారికి మనసు చివుక్కుమనే పని ఒకటుంది. కుండకు అడుగు పైన వెడల్పు కావాలి గాని దండికి కావలసింది నాలుగైదు వేళ్ల మందమే. కుండ వెడల్పున ఉన్న బద్దలో దండి పొడవునా అటూ ఇటూ ఉన్న చెక్కంతా బాడిశతో చెక్కిపారేయవలసిందే. మంచి చేవ గల పనస కళ్ల ముందే పచ్చని పొట్టుగా రాలిపోతుంది. (బౌద్ధ భిక్షువుల వస్త్రాలకు కాషాయ వన్నె ఎక్కించడానికి ఈ పనస పొట్టును కూడా వాడేవారు.) పెరటి పనసను కాయ కోసం ఉంచుకునేవారే గాని మాను కోసం పెంచేవారు లేని ఈ రోజుల్లో ఆ పొట్టు విలువ తక్కువేమీ కాదు. ఒకే మాను వీణకు ధర ఎందుకు ఎక్కువ అని అడిగేవారు ముందు ఆ పొట్టు కుప్పను చూడాలి.

దుంగలో చూడవలసింది పోగు. కర్రలో పోగు నిలువునా, సూటిగా సాగాలి. కొన్ని చెట్లు పెరిగేటప్పుడే మెలి తిరుగుతాయి. బెరడు మీది గీతలు తాడు పేనినట్టు ఉంటే లోపలి పోగూ అంతే. అలాంటి దుంగలో చెక్కిన దండి ఆ రోజుకు తిన్నగానే ఉంటుంది గాని, ఆరేకొద్దీ చెట్టు తిరిగిన వైపుకే తానూ తిరుగుతుంది. పైగా పనసకు కాయలు మానుకే కాస్తాయి. పాత మాను మీద బుడిపెలు, కొమ్మ విరిగిన చోట ముళ్లు తప్పవు. ముడి కుండ భాగంలోకి వస్తే సర్దుకోవచ్చు. దండి మధ్యకు వస్తే ఆ దుంగ వీణకు పనికిరాదు. ఇంకొకటి తడి. పచ్చి దుంగను ముందుగా మోటుగా చెక్కి నీడన ఆరబెట్టి, అది ముడుచుకోవలసినంత ముడుచుకున్నాక తుది కొలతకు దించాలి. ఎండలో పెట్టి తొందరపెడితే పైన ఆరి లోపల తడి మిగులుతుంది. అలా చేసిన వీణ కొన్నవారి ఇంటికి వెళ్లాక వంగుతుంది.

సింహం తల దగ్గర మరో చిక్కుంది. దండి తిన్నగా వెళ్లి, అక్కడ కిందికి వంపు తిరుగుతుంది. కర్రలోని పోగు మాత్రం వంపు తిరగదు, తిన్నగానే పోతుంది. ఆ వంపులో పోగు అడ్డంగా తెగిపోయి కర్ర పెళుసవుతుంది. కింద పడిన వీణలు అక్కడే విరగడానికి కారణం ఇదే. చాలా వీణలకు యాళి ముఖాన్ని విడిగా చెక్కి అతికించడం అందుకే. దానిని చవక పని అనుకోనక్కరలేదు.

చెయ్యి వచ్చే దారి

దండి అడుగు భాగం ఏ ఆకారంలో ఉండాలన్నది వాయించే చేతిని బట్టి తేలే విషయం. గిటారునే తీసుకుందాం. దాని చిన్న చెల్లెలులాంటి ఉకులేలేను చూద్దాం. 1879లో మదీరా దీవి నుంచి పోర్చుగీసు కూలీలతో కలిసి హవాయి దీవులకు చేరిన వడ్రంగులు తమ ఊరి చిన్న వాద్యాన్ని అనుసరించి దానిని తయారు చేశారు. ఈ రెంటికీ బొటనవేలు మెడ వెనుక ఆనుతుంది, మిగిలిన వేళ్లు ముందు నుంచి నొక్కుతాయి. మెడ మొత్తం గుప్పిట్లో ఇమడాలి. అందువల్ల వాటిని ఇంట్లో తయారు చేసుకునేవారు మెడ వెనుక గుండ్రంగా తీయాలా, చదునుగా తీయాలా, మధ్యలో వెన్నులా పదునుగా ఉంచాలా అని తర్జనభర్జన పడతారు. పెద్ద చేతికి లావు మెడ, చిన్న చేతికి పలుచని మెడ అన్నది అక్కడి సామాన్య సూత్రం.

వీణకు చెయ్యి వచ్చే దారి వేరు. వాయించేవారు కింద కూర్చుని కుండను కుడివైపు నేల మీద, సొరబుర్రను ఎడమ తొడ మీద ఆనించుకుంటారు. ఎడమ చెయ్యి దండి కింద నుంచి చుట్టివచ్చి వేళ్లు పైన మెట్ల మీదకు చేరతాయి. దండి బరువును మోసేది చెయ్యి కాదు, తొడ, నేల. చెయ్యి దండిని పట్టుకోదు, దాని వెంబడి జారుతుంది. కాబట్టి అడుగున గుండ్రంగా, ఎక్కడా అంచు గాని గరుకు గాని తగలకుండా చిత్రిక పట్టాలి. పైన ఎంత నగిషీ ఉన్నా ఫరవాలేదు. దండి అడుగున, పక్కన చెయ్యి తిరిగే చోట చెక్కిన పువ్వు గంటసేపు వాయించేవారికి ముల్లుతో సమానం. వాయిద్యం తెలిసిన పనివారు అక్కడ ఉలి పెట్టరు.

ఎలా పట్టుకుంటారన్నది కూడా మనిషికి మనిషికి మారుతుంది. కరైకుడి సోదరులలో పెద్దవారైన సుబ్బరామయ్యర్ వీణను నిలువుగా పట్టి వాయించేవారు. అలా పట్టినప్పుడు చేతికి దండి తగిలే తీరే మారిపోతుంది. అందరికీ ఒకే మూసలో దండి తీస్తే సరిపోదనడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇక వెడల్పు. వీణలో గమకం పలికేది తీగను మెట్టు మీదనే పక్కకు లాగడం వల్ల. ఒక్క మెట్టు మీద నుంచే రెండు మూడు స్వరాలు లాగి పలికించడం ఈ వాద్యానికి ప్రాణం. తీగ లాగడానికి చోటు కావాలి. ఇరుకు దండి మీద లాగితే తీగ మెట్టు అంచు దాటి జారిపోతుంది, లేదా పక్క తీగను తాకుతుంది. మరీ వెడల్పు చేస్తే కింద నుంచి వచ్చిన వేళ్లు అవతలి తీగకు అందవు. పొట్టి చేతులవారికి ఈ బాధ ఎక్కువ.

ఇరవైనాలుగు మెట్ల లెక్క

వీణకు మెట్లు 24. 17వ శతాబ్దంలో తంజావూరును ఏలిన తెలుగు ప్రభువు రఘునాథ నాయకుని కాలంలో ఇవి ఇలా స్థిరపడ్డాయని సంగీత చరిత్ర చెబుతోంది. స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలు. మేరువు నుంచి గుర్రం దాకా తీగ పొడవు 32 అంగుళాలు ఉందనుకుంటే, పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 16 అంగుళాల వద్ద పడుతుంది. ఇరవైనాలుగోది 24 అంగుళాల వద్ద. అంటే తీగలో ముప్పాతిక వంతు మెట్లదే. మేరువుకూ మొదటి మెట్టుకూ మధ్య ఎడం దాదాపు ఒక అంగుళం ముప్పాతిక. చివరి రెండు మెట్ల మధ్య అర అంగుళం కూడా ఉండదు.

చిన్నపిల్లలకు చిన్న వీణ కావాలని అడిగేవారు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి. తీగ పొడవును 28 అంగుళాలకు తగ్గిస్తే మొదటి మెట్ల దగ్గర పావు అంగుళం కలిసివస్తుంది, పిల్ల వేళ్లకు అది పెద్ద ఊరట. అయితే అదే పిల్ల పెద్దదయ్యాక పై స్థాయిలో మెట్లు వేలికి ఇరుకవుతాయి. పదేళ్ల పిల్లకు కొన్న వీణ పెళ్లయ్యేదాకా ఉండాలనుకునే తండ్రి, పొడవు తగ్గించడం కంటే దండి మందం తగ్గించి చేయించుకోవడమే మేలు. ఏడాదికి ఒక వీణ కొనగలిగిన ఇళ్లకు ఈ సలహా అక్కరలేదు.

పలుచన చేస్తే వంగు, మందం చేస్తే బరువు

దండి లోపల బోలు. దోనెలా తొలిచి పైన పలక మూస్తారు. గోడలు ఎంత మందం ఉంచాలన్నదే పనివాని అనుభవానికి పరీక్ష. మందంగా ఉంచితే తొడ మీద బరువు, నాదమూ మొద్దుబారుతుంది. పలుచన చేస్తే చేతికి హాయి, కాని ఏడు తీగలు రాత్రింబవళ్లు ఒక కొస నుంచి మరో కొసకు లాగుతూనే ఉంటాయి. తాళం తీగలు మూడింటి బిరడలు దండి పక్క గోడకే దిగుతాయి కనుక ఆ రంధ్రాల దగ్గర గోడ బలంగా ఉండి తీరాలి. బలం లేని దండి కొన్నేళ్లకు విల్లులా లేస్తుంది. తల గుర్రం వైపుకు లేచి, నడుము దిగుతుంది. తీగకూ మెట్టుకూ ఎడం పెరుగుతుంది. అప్పుడు గట్టిగా నొక్కాలి. గట్టిగా నొక్కితే తీగ సాగి స్వరం హెచ్చుతుంది. వేళ్లు కోసుకుపోవడం ఒకటి, శ్రుతి తప్పడం మరొకటి.

ఈ వంపును దాచేది మైనం. వీణ మెట్లు కర్రలో దిగవు. దండి పైన రెండు వైపులా మైనంలో బొగ్గుపొడి కలిపి గట్టు కడతారు, ఇత్తడి మెట్లను ఆ గట్లలో కూర్చుతారు. దీనినే మేళం కట్టడం అంటారు. బద్ద పెట్టి కొలిచి చేసే పని కాదిది, ఒక్కొక్క స్వరాన్ని చెవితో విని మెట్టును జరిపే పని. దండి కొద్దిగా వంగి ఉన్నా మైనాన్ని ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పోసి మెట్లన్నిటినీ ఒకే మట్టానికి తేవచ్చు. పాత వీణకు ఇది వరమే. కొత్త వీణకు ఇలా చేస్తే మాత్రం కొనేవారిని మోసగించినట్టే లెక్క. అంత మాట ఎందుకంటే, దండి వంపు ఆగదు. మైనం వేసవికి మెత్తబడుతుంది. రెండు మూడేళ్లలో అసలు రంగు బయటపడుతుంది.

కొనేముందు

వీణను ఎత్తి తల వైపు నుంచి ఒక కన్ను మూసి దండి వెంబడి చూడాలి, వడ్రంగి బద్దను చూసినట్టు. రెండు పక్కల అంచులూ ఒకదానికొకటి సమంగా కనబడాలి. ఒక అంచు పైకి, ఒక అంచు కిందికి పోతే దండి మెలి తిరిగిందని అర్థం. ఈ లోపాన్ని ఎవరూ బాగుచేయలేరు. తరువాత మైనపు గట్టును పక్క నుంచి చూడాలి. తల నుంచి కుండ దాకా దాని ఎత్తు ఒకే తీరున నడవాలి. మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటే కింద దండి దిగి ఉందన్నమాట. మొదటి మెట్టు వద్ద ఒకరు, చివరి మెట్టు వద్ద ఒకరు సారణి తీగను నొక్కి పట్టి నడిమి మెట్ల దగ్గర సందు చూడాలి. సన్నని వెలుగు కనబడితే చాలు. వేలు దూరేంత సందు ఉండకూడదు.

అతుకు వీణ అయితే కుండా దండీ కలిసే చోట గోటితో తడమాలి. అతుకు వీణ అనగానే ముఖం తిప్పుకోనక్కరలేదు. పోగు తిన్నగా ఉన్న కర్రతో చేసి, గట్టిగా కూర్చిన అతుకు దండి, మెలి తిరిగిన మానులో చెక్కిన ఏకాండి కంటే వందరెట్లు మేలు. ఊళ్లు తిరిగి కచేరీలు చేసేవారి కోసం దండిని ఊడదీసి పెట్టెలో పెట్టుకునే వీణలు కూడా నేడు తయారవుతున్నాయి. ఏకాండి గొప్పతనం కాదనలేనిది. కాని ఆ పేరు ఒక్కటే చూసి డబ్బు పోయడం తెలివైన పని కాదు.

కాగా, గొల్లపల్లి పేరును ఊరూరా మోసుకుపోతున్నవి జానెడు, మూరెడు బహుమతి వీణలే. సన్మానాల్లో శాలువాతోపాటు చేతికిచ్చే ఈ బొమ్మ వీణల దండికి చేతి కొలతతో పని లేదు. వాటిలో అన్యాయమేమీ లేదు, పని దొరుకుతోంది, పొయ్యి మీద గిన్నె ఉడుకుతోంది. ఒక పెద్ద వీణకు నెల రోజుల పాటు ఉలి పట్టాలి. అంత కష్టపడితే కొనేవాడు వచ్చేదాకా ఆగాలి. బొమ్మ వీణకు ఆ బెంగ లేదు. అయితే బొమ్మ వీణ చెక్కుతూ పెరిగిన కుర్రవానికి నగిషీ వస్తుంది, దండి గోడ మందం వేలితో తట్టి చెప్పడం రాదు. అది రావాలంటే ఒకటి రెండు దండులు చెడగొట్టాలి. నేటి ధరల్లో ఒక దుంగను కుర్రవాని చేతికిచ్చి చెడగొట్టుకొమ్మనే ధైర్యం ఎవరికుంటుంది? మేళం కట్టేవారి విషయమూ ఇంతే. దానికి ఉలి ఒక్కటే చాలదు, చెవి కావాలి.

దూరం నుంచి కబురు చేసి వీణ తెప్పించుకునేవారు నగిషీ ఫొటోలు, రంగుల వివరాలు పంపుతున్నారు. వాటితోపాటు వాయించేవారి వయసు, ఎత్తు, కింద కూర్చుని వాయిస్తారా బల్ల మీదనా అన్నదీ రాయాలి. ఎడమ అరచేతిని వేళ్లు చాచి తెల్లకాగితం మీద పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి పంపినా దండి తీసేవారికి కొలత దొరుకుతుంది.